ఉప్పు చూడ్డానికి వచ్చినవాళ్ళు

ఆ కుర్చీ వద్దు ఇందాయ్, దాని కాలు ఊగుతుంది. పోయినవారం ఫాదర్ గారు కూర్చుని కొంచెంలో తప్పించుకున్నారు. ఇలా బల్ల మీదికి రా. ఏమన్నావ్, పుస్తకమా? అన్నదాన సంఘానికి అరవై ఏళ్ళు నిండాయని పుస్తకం వేస్తున్నారా? మంచిదే. మొదటి పేజీలో ఎవరి ఫోటో? అనుకున్నాలే. దోన్యా మిలాగ్రోస్. చర్చి హాలు ముందు విగ్రహం కూడా ఆవిడదేగా, చేతిలో గరిటెతో. ఆ గరిటె పట్టుకున్న తీరు ఎప్పుడైనా చూశావా? విసనకర్ర పట్టుకున్నట్టుంటుంది. శిల్పిది తప్పు కాదు పాపం, ఆవిడ ఫోటోలు చూసి చెక్కాడు. ఆవిడ ఫోటోలన్నిట్లోనూ చేతిలో విసనకర్రే ఉంది. కాయితం తెచ్చుకున్నావు కదా, రాసుకో. దోన్యా మిలాగ్రోస్ గురించి నేను చెప్పేది ఒక్క ముక్క. ఆవిడకి నిమ్మకాయ కేకు ఇష్టం. అయిపోయింది. ఇప్పుడు కొత్త పేజీ తిప్పి సెలింగ్ అని రాయి. వంటమనిషి సెలింగ్. అసలు పేరు మర్సెలీనా. ఇంటిపేరు... ఉండు, చెప్తాను. నాలుక చివర ఉంది.

ఇదిగో, ఇందుకే నిన్ను ఇవాళే రమ్మన్నాను. నిన్న మా వీధి చేపలామెని పిలుద్దామంటే పేరు రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ దగ్గరే కొంటున్నాను. చివరికి "ఓ చేపా" అన్నాను. ఆవిడ పలికిందనుకో. బేరం కూడా కుదిరింది. కానీ భయం వేసింది. సెలింగ్ సంగతి తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. నా బుర్రలోంచి కూడా జారిపోతే మీ పుస్తకంలో ఉన్నదే నిజమైపోతుంది. ఆ గరిటె ఆవిడదే అయిపోతుంది. నేను ఎక్కడికైనా పక్కకి పోతే నన్ను లాక్కురా, మొహమాటపడకు.

నీకు చెరకు నెలల సంగతి తెలీదులే, టౌన్‌లో పుట్టావు. అక్టోబరులో మిల్లు కూస్తే కోత మొదలు. మే ఆఖర్న ఇంకోసారి కూసి ఆగిపోయేది. ఇంక అప్పట్నుంచి నాలుగు నెలలు చెరకు పెరగాలి, మనిషితో పనిలేదు. వాటిని చచ్చిన నెలలు అనేవాళ్ళం. చెరకు మాత్రం ఆ నాలుగు నెలలూ శుభ్రంగా తాగి ఏపుగా ఎదిగేది. మేము ఎండేవాళ్ళం. మా కూలీల లైన్లలో డెబ్భై ఒక్క ఇళ్ళు. నేను చెప్పే ఏడు పంచదార ధర పడిపోయి, కొత్త నాట్లు కూడా వెయ్యలేదు. మా నాన్న పని వెతుక్కుంటూ దక్షిణాన మిందనావ్ దీవికి పడవెక్కాడు. ఇంట్లో అమ్మ, నేను, నా తర్వాత ఇద్దరు చెల్లెళ్ళు. నాకు పందొమ్మిది. ఆఖరిది నెనింగ్, మూడేళ్ళది. చిలగడదుంప ఆకు ఉడకబెట్టిన నీళ్ళు తాగి తాగి దాని పెదాల చుట్టూ పచ్చగా మరక పడింది. ఎంత తుడిచినా పోయేది కాదు.

సంఘం అప్పటికే ఉంది. ఏడుగురు దోన్యాలు. అందరి మొగుళ్ళకీ చెరకు తోటలే. ఆకలితో ఉన్నది వాళ్ళ తోటల్లో చేసే మేమే, కానీ ఆ సంగతి అక్కడ ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. వాళ్ళ దృష్టిలో ఆకలి అంటే తుఫాను లాంటిది, సముద్రం మీంచి వస్తుంది. ప్రతి గురువారం హాల్లో మీటింగు. జావ పంచితే రేకు గిన్నెల్లో పంచాలా, ప్లాస్టిక్ గిన్నెల్లోనా అని మూడు వారాలు మాట్లాడారు. రేకు గిన్నెలైతే చప్పుడు చేస్తాయని ఒకావిడ, ప్లాస్టిక్ అయితే ఇంటికి పట్టుకుపోతారని ఒకావిడ. ఆ మూడు వారాలూ మూడు రకాల కేకులు. ఆ కేకులు చేసేది సెలింగ్. పొట్టిగా, ఎండు కొబ్బరి ముక్కలా ఉండేది. వంటింటి గుమ్మంలో కూర్చుని చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. ఆ పొగ ఎక్కడికి పోయేదో మాకెవరికీ తెలీదు. "లోపల నా కోపాన్ని కాస్త కాచుకుంటున్నాలే" అనేది.

ఆ జూన్‌లో హాలండ్ నుంచి నలభై బస్తాల బియ్యం వచ్చాయి. ఎవరో అక్కడి చర్చివాళ్ళు పంపించారు. దాంతోపాటు ఒక ఉత్తరం. ఆకలిగా ఉన్న కుటుంబాలెన్నో ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయండి, ఆ జాబితా ప్రకారం వండి పెట్టండి అని. న్యాయమే కదా. దోన్యాలు లైన్లలోకి వెళ్తే చెప్పులు పాడవుతాయి. అందుకని చదువొచ్చిన కూలీపిల్ల ఎవరైనా ఉందా అని వెతికితే నేను దొరికాను. నాకు చదువు బడిలో రాలేదు ఇందాయ్. ఎండుచేపలు చుట్టి ఇచ్చే కాయితాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. కాబట్టి నాకు సగం సగం కథలే వచ్చు. ప్రతి కథా నూనె మరక దగ్గర ఆగిపోయేది. కానీ రాత మాత్రం ముత్యాల్లా ఉండేది. ఫారంలో నాలుగో ప్రశ్న, "ఈ రోజు భోజనం అయిందా?"

నవ్వుతున్నావు. నీకు అర్థమైపోయింది. ఇందాక గుమ్మంలోకి రాగానే "రా తిందాం" అంటే నువ్వేమన్నావ్? "తినొచ్చాను లోలా" అన్నావు, సొంత అమ్మమ్మతో చెప్పినట్టు. పొద్దున ఆరింటికి బస్సెక్కినదానివి, పదకొండవుతోంది, ఎక్కడ తిన్నావ్? తప్పు పట్టడం లేదులే. మనం అంతే. ఎవరైనా తింటున్న ఇంటి ముందు నుంచి వెళ్తే వాళ్ళు "రండి తిందాం" అనాలి, మనం "ఇప్పుడే తిన్నాం, మీరు కానివ్వండి" అనాలి. మూడోసారి చెయ్యి పట్టి లాగితే అప్పుడు కూర్చోవాలి. ఒక్క పిలుపుకే కూర్చున్నవాడి సంగతి వాడి మనవల పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు. ఇన్ని తెలిసినదాన్ని, ఆ ఫారం పట్టుకున్నప్పుడు బుర్ర ఎక్కడ పెట్టానో. కొత్త పెన్ను ఇచ్చారు మరి. ఆ పెన్ను మీదే ఉంది ప్రాణమంతా.

మొదటి ఇల్లు మనోంగ్ ఓపింగ్‌ది, లైన్లలో అందరికీ పెద్దన్న. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది, నీమీదొట్టు. ఆయన గుమ్మంలో కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. "భోజనం అయిందా మనోంగ్?" అన్నాను. "ఆఁ, ఇప్పుడే. చేప ముల్లు ఇరుక్కుంది, చస్తున్నాను" అన్నాడు. రాశాను, అయింది. పక్కింట్లో అయింది. ఆ పక్కింట్లో అవడమే కాదు, పిల్లలు తినలేక వదిలేశారట కూడా. అక్క వరస ఒకావిడ నాకే ఎదురు, "నువ్వు తిన్నావా అమ్మా, మొహం పీక్కుపోయింది" అంది. నేను కూడా "తిన్నాను మనాంగ్" అన్నాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని త్రేన్చినంత పని చేశాం. ఆఖర్న మా ఇంటికొచ్చాను. "అమ్మా, మనకేం రాయమంటావ్?" "అందరూ ఏం రాయించారు?" "తిన్నామని." "మరి మనమొక్కళ్ళమే ఎందుకు తినలేదూ? తిన్నామని రాయి." రాసేశాను. నెనింగ్ నా మోకాలు పట్టుకుని నిలబడి ఆ పెన్ను చివర చీకుతోంది. అది చూస్తూ కూడా రాశాను. కొట్టివేతలు లేకుండా, ముత్యాల్లా, డెబ్భై ఒక్క ఇళ్ళు.

గురువారం మీటింగులో చదివి వినిపించాను. దోన్యా మిలాగ్రోస్ శిలువ గుర్తు వేసుకుంది. "చూశారా, దేవుడి దయ. మన ఊళ్ళో ఆకలి లేదు" అంది. మిగతావాళ్ళు కూడా వేసుకున్నారు, కానీ మొహాలు వాడిపోయాయి. దోన్యా సోల్ అయితే అడిగేసింది, "ఒక్కళ్ళు కూడా లేరా? సరిగ్గా వెతికావా అమ్మాయ్? కనీసం ఓ ముసలమ్మ?" ఇంకొకావిడ, "ఆకలి లేకపోతే మరి మనం గురువారాలు ఏం చేస్తాం?" అంది. నిజంగానే దిగులుపడింది పాపం. అప్పుడు దోన్యా మిలాగ్రోస్, "ఆకలి లేకుండా చేసింది మనమే కదా" అంది. అది అందరికీ నచ్చింది. ఇంకా ఏమీ వండకుండానే తీరిపోయింది చూడు, అదీ పనితనం. వెంటనే ఆ జాబితా మీద సంఘం ముద్ర వేసి, బిషప్ గారికొకటి, హాలండ్‌కొకటి పంపించారు. ముద్ర పడ్డాక అది నిజమే ఇందాయ్, దాన్ని దేవుడు కూడా దిద్దలేడు.

కేకు కోస్తున్న సెలింగ్ కత్తి అక్కడే పెట్టేసి వంటింట్లోకి పోయింది. నన్ను కూడా పిలిచింది. "ఏమే ఇస్కా, గుమ్మంలో నిలబడి అడిగావా?" "ఆఁ." "చేతిలో కాయితం పట్టుకుని?" "ఆఁ, పెన్ను కూడా." "తిన్నారా అని?" "అలాగే ఉంది మరి ఫారంలో." చుట్ట నోట్లోంచి తీసి నన్ను చూసింది. "మీ అమ్మ ఏమంది?" నేను పెన్ను మూత తిప్పుతూ నిలబడ్డాను. "మీ అమ్మ తిన్నానంది. నువ్వు రాశావు. నీ చెల్లెలు నా దగ్గరికొచ్చి కేకు కోసిన కాయితం నాకుతుంది, అది నాకు తెలుసు, ఆ కాయితానికి తెలుసు. నీ ముత్యాల రాతకి తెలీదు. పోవే." అంతే. తిట్టి ఉంటే బాగుండేది. సుమగైసై. అదీ ఇంటిపేరు. మర్సెలీనా సుమగైసై. రాశావా? చూపించు. ఆ, సరిగ్గానే ఉంది. కింద గీత గియ్యి.

ఏం చెప్తున్నాను? ఆ, హాలండ్ ఆయన. ఆకలి లేని ఊరికి నలభై బస్తాలు దేనికని వాళ్ళకి అనుమానం వచ్చింది. సహజమే కదా. మనిలాలో ఉండే వాళ్ళ మనిషిని చూసి రమ్మన్నారు. యాన్సెన్ అని, తాటిచెట్టంత మనిషి, మెడ ఎండకి ఉడికిన రొయ్యలా ఉండేది. మంచివాడే. మన భాష పుస్తకంలో మూడు నెలలు నేర్చుకుని వచ్చాడు, మాట్లాడితే ప్రార్థన చదువుతున్నట్టుండేది. శుక్రవారం వచ్చాడు. జాబితా నిజమని తేలితే సోమవారం పొద్దున లారీ వచ్చి బస్తాలు ఓడరేవుకి పోతాయి, అక్కణ్ణించి సామార్ దీవికి. అక్కడ ఆకలి ఉందని జాబితా వచ్చిందట. అక్కడెవరో బుద్ధిమంతురాలు రాసి ఉంటుంది.

దోన్యాలు ఇద్దరు గొడుగులేసుకుని ఆయన్ని లైన్లలోకి తీసుకొచ్చారు. వెనకాల నేను. ఎవరో ఒకళ్ళు నోరు విప్పితే చాలు, ఒక్కళ్ళు లేదు అంటే చాలు అని మొక్కుకుంటున్నాను. విప్పితేగా. ఓపింగ్ మళ్ళీ పుల్ల తీశాడు. అలా అలా మా ఇంటికొచ్చాం. ఆ పూట అమ్మ ఎవరి దగ్గర బతిమాలి తెచ్చిందో, ఇంత నూకలు దొరికాయి. ఆకు వేసి జావ కాచి, నెనింగ్ ముందు గిన్నె పెట్టి, చల్లారడానికి ఊదుతోంది. రెండు రోజుల తర్వాత అన్నం మెతుకు. తల ఎత్తి చూస్తే గుమ్మంలో తాటిచెట్టు. అమ్మ లేచి చేతులు తుడుచుకుని, "రండి సార్, తిందాం" అంది. అనకుండా ఎలా ఉంటుంది?

ఆయన కూర్చున్నాడు.

కింద, చాప మీద, ఆ కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మడిచి మడిచి కూర్చున్నాడు. పిలుపు పుస్తకంలో ఉంది, జవాబు లేదు. అమ్మ గిన్నె ఆయన ముందుకి జరిపింది. తిన్నాడు. బాగుంది అని తలూపుతూ తిన్నాడు. మిగిలిస్తే వడ్డించినవాళ్ళని అవమానించినట్టని ఎవరో చెప్పారట, అందుకని అడుగున ఉన్నది కూడా గీకి తిన్నాడు. నెనింగ్ ఏడవలేదు. అది ఏడ్చినా బాగుండేది. చెంచాతో పాటు దాని తల పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. అంతే. అమ్మ నవ్వు మొహంతో, "ఇంకాస్త వెయ్యనా సార్?" అంది. ఇందాయ్, గిన్నె అడుగు కనిపిస్తోంది. కుండ ఖాళీ. ఇంకాస్త వెయ్యనా అంది. ఆయన పొట్ట నిమురుకుని, "చాలు, చాలు, కడుపు నిండింది" అన్నాడు. బయటికొచ్చి దోన్యాలతో, "ఎంత ఉదారమైన మనుషులు, వీళ్ళకి ఆకలి లేదు, నేనే స్వయంగా చూశాను" అన్నాడు. దోన్యా సోల్, "మా ఊరు మొదట్నుంచీ అంతే" అంది.

నేను తిన్నగా సెలింగ్ దగ్గరికి పరిగెత్తాను. ఏడుస్తూ చెప్పాను. అంతా విని, "అడుగు గీకాడా?" అంది. "గీకాడు." "పాపం, మర్యాదస్తుడే" అంది. చాలాసేపు పొగ పీల్చింది. నేను జాబితా మళ్ళీ రాస్తానన్నాను. "ఏమని? వాళ్ళని మళ్ళీ అడుగుతావా? ఇంకో డెబ్భై ఒక్కసార్లు తిన్నామంటారు. దండం పెట్టి అడిగితే ఏం తిన్నారో కూడా చెప్తారు" అంది. ఆ మాట అని లేచి, కొప్పు ముడేసుకుని, దోన్యా మిలాగ్రోస్ దగ్గరికి వెళ్ళింది. నేను తలుపు చాటున ఉన్నాను. "దోన్యా, సోమవారం బస్తాలు పోతున్నాయి కదా. పురుగు పట్టిన బియ్యం పంపించారని రేపు సామార్ వాళ్ళు మనల్ని అంటే?" ఆవిడ విసనకర్ర ఆగిపోయింది. "పురుగు పట్టిందా?" "నేనేం చూశాను? చూడమంటే చూస్తాను." "చూడు, చూడు. బాగా చూడు. సంఘం పేరు పోకూడదు." సెలింగ్ బయటికొచ్చి నాతో, "చూడమన్నారే ఇస్కా. నేను వంటదాన్ని. వండకుండా బియ్యం ఎలా చూస్తాను?" అంది.

శనివారం సాయంత్రం లైన్లలోకి వచ్చింది. చేతిలో కాయితం లేదు. తిన్నారా అని నోరు జారి కూడా అనలేదు. మా ఇంటి గుమ్మంలో కూలబడి కాళ్ళు పిసుక్కుంటూ మొదలెట్టింది. "ఏమేవ్, నాకు ముసలితనం వచ్చేసింది. నాలుక చచ్చింది. పొగకో ఏమో, ఉప్పు తెలియడం లేదు. రేపు ప్రార్థన అయ్యాక జావ వండుతున్నాను, దొరసానుల బియ్యం ఎలాంటివో చూడమన్నారు. ఉప్పెక్కువైతే నా ఉద్యోగం పోతుంది. కాస్త వచ్చి ఉప్పు చూసి పెట్టవూ?" అమ్మ, "నేనెంత మనాంగ్, ఎవరినైనా..." అంది. "నీ చేతి ఉప్పు ఊరంతటికీ తెలుసు. ఊరికే రమ్మనడం లేదు, పని ఉండి బతిమాలుతున్నాను. పిల్లల్ని కూడా తీసుకురా. పెద్దనాలుకకి ఒక ఉప్పు, చిన్ననాలుకకి ఒక ఉప్పు, రెండూ చూడాలి." అమ్మకి ఇంక కాదనడానికి దారేది? తినమంటే తినేశామనొచ్చు. సాయం చెయ్యమంటే కాదంటే మనిషేనా? ఓపింగ్ దగ్గర ఇంకా చిత్రం. "మనోంగ్, నీకు పళ్ళలో ముళ్ళు ఇరుక్కుంటున్నాయట. మెతుకు మెత్తగా ఉడికిందో లేదో నీకంటే ఎవరు చెప్తారు?" ఆయన పుల్ల తీసి పారేసి, సరే వస్తానన్నాడు. డెబ్భై ఒక్క ఇళ్ళూ తిరిగింది. డెబ్భై ఒక్క రకాల సాయాలు అడిగింది. ఒకావిడని మునగాకు దూయడానికి, ఒకాయన్ని నిప్పు చూడ్డానికి, ఒకాయన్ని కేవలం పక్కన నిలబడి సలహాలివ్వడానికి. ఆయనకి అదొక్కటే వచ్చు.

ఆదివారం ప్రార్థన అయి దోన్యాలు బయటికొచ్చేసరికి హాలు ఆవరణ నిండా జనం. మూడు పెద్ద డేగిశాలు ఉడుకుతున్నాయి. అల్లం వాసన గంట స్తంభం దాకా కొడుతోంది. దోన్యా మిలాగ్రోస్ అడుగు వెనక్కేసింది. "సెలింగ్, ఎవరు వీళ్ళంతా? ఆకలిగా ఉన్నవాళ్ళా?" "ఛఛ, కాదు దోన్యా. అందరూ తిన్నవాళ్ళే. మీ జాబితాలో ఉంది కదా. ఉప్పు చూడ్డానికొచ్చారు." "ఇంతమందా?" "మూడు డేగిశాలు దోన్యా." ఆవిడ లెక్కపెట్టుకుంది. డేగిశాలు మూడే ఉన్నాయి, కాదనడానికి లేదు. దోన్యా సోల్, "వీళ్ళు గిన్నెలతో ఎందుకొచ్చారు?" అంది. "దోసిట్లో పోస్తే కాలదూ?" అంది సెలింగ్. ఇవాళ్టికి కూడా రేకా ప్లాస్టికా అన్నది వాళ్ళింకా తేల్చలేదు మరి.

యాన్సెన్ కూడా అక్కడే ఉన్నాడు. సెలింగ్ ఒక గిన్నె నిండా పోసి, పైన వెల్లుల్లి వేయించి చల్లి, ఆయన ముందుకెళ్ళింది. "రండి సార్, తిందాం." ఆయన సంతోషంగా చెయ్యి చాపాడు. సెలింగ్ గిన్నె వెనక్కి తీసుకుంది. "కాదు. తిన్నాను అనండి." ఆయనకి అర్థం కాలేదు. "నేను తినలేదు" అన్నాడు. "తెలుసు. తిన్నాను అనండి." చిన్నపిల్లాడికి నేర్పినట్టు చెప్పింది. "తిన్నాను" అన్నాడు. "రండి సార్, కాస్త తిందాం." "తిన్నాను" అన్నాడు, ఈసారి నవ్వుతూ, ఆటనుకున్నాడు. మూడోసారి ఆయన మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టి, గిన్నె చేతిలో పెట్టింది. "ఇదీ మా పద్ధతి. పిలిచేవాళ్ళు పిలవాలి, పిలిపించుకునేవాళ్ళు తిన్నామనాలి. ఉన్నవాడూ అంతే అంటాడు, లేనివాడూ అంతే అంటాడు. ఇప్పుడు తినండి." ఆయన చెంచా ఎత్తాడు. నోటి దాకా వెళ్ళలేదు. ఆ పెద్ద మెడ తిప్పి జనంలో వెతికాడు. మా అమ్మ కనిపించింది. అమ్మ చంకలో నెనింగ్ కనిపించింది. ఆ చెంచా అలాగే ఉండిపోయింది. ఉడికిన రొయ్య రంగు మెడ నుంచి చెవుల దాకా, చెవుల నుంచి నుదుటి దాకా ఎక్కింది. లేచి వచ్చి, ఆ గిన్నె రెండు చేతులతో నెనింగ్ ముందు పట్టుకుని, ఆ ప్రార్థన గొంతుతో, "ఉప్పు చూడు" అన్నాడు. దానికి మర్యాదలింకా తెలీవు కదా, మూడేళ్ళది. చూసింది. అడుగు దాకా చూసింది.

లారీ వెళ్ళిపోయింది, ఖాళీగా. కానీ చిక్కు ఒకటుంది. జాబితా బిషప్ గారి దగ్గరుంది, ముద్రతో సహా. ఊళ్ళో ఆకలి ఉందని ఇప్పుడు రాస్తే సంఘం అబద్ధమాడినట్టు. దోన్యా మిలాగ్రోస్ మంచం పడుతుంది. అందుకని యాన్సెన్, సెలింగ్ కూర్చుని ఉత్తరం రాశారు, నా చేతే రాయించారు. బియ్యం నాణ్యత మీద తనిఖీ జరుగుతోంది, ఇంకా పూర్తి కాలేదు, పూర్తయ్యేదాకా బస్తాలు ఇక్కడే ఉంచాలి అని. ఆ తనిఖీ నలభై బస్తాల చివరి గింజ దాకా జరిగింది ఇందాయ్. పురుగు ఎక్కడా కనిపించలేదు. మరుసటి ఏడు ఇంకో అరవై బస్తాలు పంపించారు, తనిఖీకి. మొత్తం పదకొండేళ్ళు. దోన్యాలు ఎంత మురిసిపోయారంటే, జిల్లా వాళ్ళకి అర్జీ పెట్టుకుని "ఆకలి లేని ఊరు" అని పతకం కూడా తెచ్చుకున్నారు. ఆ సభలో డెబ్భై ఒక్క కుటుంబాలకీ స్వచ్ఛంద సేవకులని కాయితాలిచ్చారు. ఓపింగ్ దాన్ని చట్రం కట్టించుకుని పొయ్యి మీద గోడకి తగిలించాడు. దోన్యా మిలాగ్రోస్ మాట్లాడుతూ, "మా ఊళ్ళో పేదవాళ్ళు కూడా తీసుకునేవాళ్ళు కారు, ఇచ్చేవాళ్ళు" అంది. చప్పట్లు. వెనకాల సెలింగ్ నిమ్మకాయ కేకు కోస్తోంది. ఇది రాస్తావా? రాయనివ్వరులే. అయినా రాయి.

అసలు సంగతి చెప్పలేదు చూడు. మొదటి రోజు అందరూ గిన్నెలు ఖాళీ చేశాక సెలింగ్ గరిటె పట్టుకుని నిలబడి అడిగింది, "ఉప్పెలా ఉంది?" బాగుందంటే తనిఖీ అయిపోయినట్టే కదా. రేపు లేనట్టే. మా అమ్మ జన్మలో ఒకరి వంటకి వంక పెట్టిన మనిషి కాదు. మెల్లిగా లేచి, "కొంచెం తక్కువైంది మనాంగ్" అంది. "అలాగా? అయితే రేపు మళ్ళీ రావాలి మీరు" అంది సెలింగ్. ఇంకెవరో కూడా, "అవును, తక్కువే" అన్నారు. చచ్చిన నెలలు అయిపోయేదాకా, రోజూ, డెబ్భై ఒక్క ఇళ్ళకీ ఉప్పు తక్కువే. అక్టోబరులో మిల్లు కూత వినిపించాక, ఒకరోజు ఒకాయన గిన్నె కడిగి బోర్లించి, "ఇవాళ సరిపోయింది మనాంగ్" అన్నాడు. మర్నాడు రాలేదు. పని దొరికిందన్నమాట. సెలింగ్ ఏమీ అడగలేదు. అలా ఒక్కొక్కళ్ళూ. ఇంక చాలమ్మా, మాకిక వద్దు, మా వాటా ఇంకెవరికైనా పొయ్యి అని చెప్పడానికి మా దగ్గరున్న మాట అదొక్కటే. మా నాన్న తిరిగొచ్చిన వారానికి అమ్మ కూడా అంది, సరిపోయిందని. అన్న రోజు ఎంత ఠీవిగా నడిచిందో ఇంటిదాకా.

తర్వాత వంట పని నా చేతికొచ్చింది. సెలింగ్‌కి నడుం పట్టేసి, హాలు వెనకాల చిన్న గదిలో మంచం మీద ఉండేది. ఎవరూ లేరు ఆవిడకి. రోజూ మధ్యాహ్నం గిన్నెలో జావ పట్టుకెళ్ళేదాన్ని. తిన్నావా అని మాత్రం అడిగేదాన్ని కాదు, ఆ మాత్రం నేర్చుకున్నాను. "మనాంగ్, కాస్త ఉప్పు చూసి పెట్టు" అనేదాన్ని. లేచి కూర్చుని చూసేది. "తక్కువేశావే, ఇన్నేళ్ళైనా చెయ్యి తిరగలేదు నీకు, మొద్దు" అనేది. ఆ తిట్టు వింటే నాకు ప్రాణం లేచొచ్చేది. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళొచ్చని. రెండేళ్ళు తిట్టింది. ఆగస్టు నెల, ఒక బుధవారం, రెండు చెంచాలు పుచ్చుకుంది. చెంచా గిన్నెలో పెట్టి, గిన్నె నా వైపు జరిపింది. నా మొహం వంకే చూసింది చాలాసేపు. "ఇవాళ సరిపోయిందే ఇస్కా" అంది.

...

మబ్బు పట్టింది చూడు. రేకుల మీద చేపలు ఎండేశాను, లేచి అవి లోపల పెట్టు ఇందాయ్.